వేటకి ముందు అక్షింతలు

సంగతి మా ఆవిడ నోట జారింది. ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో శనివారం పాట్‌లక్. "వేసవి సెలవలకి అందరూ ఇండియాకేనా?" అని ఎవరో అడిగితే, "నేనూ అమ్మాయీ వెళ్తున్నాం. ఈయన మాత్రం జూన్‌లో నమీబియా వెళ్తున్నారు, వేటకి" అనేసింది. అప్పటిదాకా ఇళ్ళ ధరల మీదా గ్రీన్‌కార్డు క్యూ మీదా ఏకధాటిగా సాగుతున్న కబుర్లు ఠక్కున ఆగిపోయాయి.

ఆ తర్వాత నా నెత్తిన పడ్డ అక్షింతలన్నీ రాయను. ఒక్కటి చాలు. ఒకాయన, ఎడమచేతిలో పళ్ళెం, పళ్ళెంలో మేకమాంసం బిర్యానీ, కుడిచేతి వేళ్ళ మధ్య మూలుగ ఎముక, "ఏం పోయేకాలమండీ మీకు? నోరులేని జంతువుని చంపడానికి అంతదూరం పోవాలా?" అన్నాడు. ఆ ఎముక తాలూకు మేక ఏ భాషలో మాట్లాడేదో అడుగుదామనుకున్నాను గానీ, పిలిచి భోజనం పెట్టిన వాళ్ళింట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో, నా కంప్యూటరు ముందు కూర్చుని జవాబు రాస్తున్నాను. జవాబు ఆయనకే కాదు. నాతోపాటు తుపాకి పట్టుకుని తిరిగే కొందరు మిత్రులకి కూడా ఇందులో అక్షింతలు ఉన్నాయి.

ముందు అసలు ఏం చెయ్యబోతున్నానో చెప్పాలి. ఆఫ్రికా వేట అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు చచ్చిన సింహం మీద కాలుపెట్టి నిలబడ్డ దొర కనిపిస్తాడు. నేను సింహం జోలికి పోవడం లేదు, ఏనుగు జోలికి అసలే పోవడం లేదు. ఒక కుడూ (మెలితిరిగిన పొడుగాటి కొమ్ముల జంతువు, మన కణితి అంత ఉంటుంది), ఒక ఓరిక్స్, కుదిరితే కోరలున్న వార్టాగ్ పంది ఒకటి. ఏడు రోజులు. నమీబియాలో ఒటివరొంగో ఊరికి అవతల, వాటర్‌బర్గ్ అనే బల్లపరుపు కొండకి కనుచూపు మేరలో ఒక ప్రైవేటు ఫారం. నాకు పదేళ్ళ కిందట వేట నేర్పిన టెక్సాస్ పెద్దాయన తోడొస్తున్నాడు. నేను కన్సల్టెంటుగా పనిచేసిన ఒక చోట ఆయన డేటాబేసులు చూసేవాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయనకిది నాలుగో ప్రయాణం, నాకు మొదటిది.

ఆరు నెలలుగా ఆయన నాకు సలహాలు చెప్తూనే ఉన్నాడు. నలభైల్లో ఉన్న మనిషిని, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి, మళ్ళీ ఎల్‌కేజీలో కూర్చున్నట్టుంది. జూన్ అంటే అక్కడ చలికాలం, తెల్లవారుజామున ఓపెన్ జీపు వెనక నిలబడితే పళ్ళు టకటకలాడతాయి, ఉన్ని టోపీ తెచ్చుకో. కొత్త బూట్లు వేసుకుని దిగకు, ఇక్కడే వంద మైళ్ళు నడిచి మెత్తబరుచుకో. అమెరికా కస్టమ్స్ వాళ్ళ దగ్గర రైఫిల్ నంబరు 4457 ఫారం మీద ముందే రాయించుకో, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు నీ తుపాకి నీదేనని నువ్వే రుజువు చేసుకోవాలి. సెమీ ఆటోమేటిక్ తుపాకి ఆ దేశంలో వేటకి పనికిరాదు. కుడూ, ఓరిక్స్‌ల మీద వాడే తూటాకి కనీసం 2,700 జౌళ్ళ శక్తి ఉండాలని అక్కడ చట్టమే ఉంది. నా .30-06కి ఆ బాధ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. గురి సంగతి మరో ఎత్తు. ఇక్కడి జింకకి ముందుకాలి వెనకపక్క గురిపెట్టడం నేర్పారు నాకు. ఆఫ్రికా జంతువులకి గుండే ఊపిరితిత్తులూ ఇంకొంచెం ముందుకి, కిందికి ఉంటాయి. మన అలవాటు ప్రకారం కాలిస్తే తూటా పొట్టలోకి పోతుంది. అందుకని ముందుకాలి గీత వెంట కన్ను పైకి తెచ్చి, ఒంట్లో కింది మూడోవంతు దగ్గర ఆపాలి. పైగా బల్లమీద ఇసుక సంచులు పెట్టుకుని కాల్చడం అక్కడ కుదరదు. మూడు కర్రలు కట్టిన ఊతం మీద తుపాకి ఆనించి, నిలబడి, ఆయాసపడుతూ కాల్చాలి. కాబట్టి ఆదివారం ఆదివారం రేంజికి పోయి కర్రల మీద ఇరవై గుండ్లు. మిగతా రోజుల్లో మా గరాజ్‌లో ఖాళీ తుపాకితో, గోడకి అంటించిన కుడూ బొమ్మ మీద. మా అమ్మాయి చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా తలుపేసుకుని వెళ్తుంది.

పెద్దాయన అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది బిల్లు గురించి. అక్కడ రక్తపు చుక్క నేల మీద పడిందంటే ఆ జంతువు డబ్బు కట్టాల్సిందే, దొరికినా దొరక్కపోయినా. ఈ నియమం విన్నప్పుడు మా రేంజిలో ఒకాయన "అన్యాయం" అన్నాడు. నేను అనలేకపోయాను, ఎందుకంటే నాలో ఒక లేడి ఉంది.

ఎనిమిదేళ్ళయింది. నవంబరు, పొద్దుగూకుతోంది. రెండువందల గజాల అవతల లేడి నిలబడింది. చూపు సరిగ్గా ఆనట్లేదని తెలుసు, రేపు పొద్దున్నే ఆఫీసుకి పోవాలనీ తెలుసు. కాల్చాను. అది వంగి, పరుగెత్తింది. టార్చిలైట్లు పట్టుకుని మూడు గంటలు వెతికాం. ఆకుల మీద పచ్చటి రసం కలిసిన రక్తం, అంటే పొట్టలో తగిలిందన్నమాట. తెల్లారాక దొరికింది గానీ, అప్పటికి కయోటీలు సగం తినేశాయి. పెద్దాయన తిట్టలేదు. "అది నీదే. ట్యాగ్ కొయ్యి" అన్నాడు. ఆ సీజన్‌కి నా లైసెన్సు మీద ఒక జింక అయిపోయినట్టే. చేతికి ఒక్క ముక్క మాంసం రాలేదు. ఆ రాత్రి ఆ జంతువు ఎన్ని గంటలు బతికిందో నేను ఇప్పటికీ లెక్క వేస్తుంటాను.

2015 జూలైలో జింబాబ్వేలో హ్వాంగే నేషనల్ పార్కు పక్కన సెసిల్ అనే సింహాన్ని మిన్నెసోటా దంతవైద్యుడొకాయన చంపినప్పుడు ప్రపంచమంతా అట్టుడికిపోయింది గుర్తుందా? మన పాట్‌లక్కుల్లో కూడా అదే మాట. ఆ సింహం మెడలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల కాలర్ ఉంది, పేరు ఉంది, అందుకని ఏడ్చారు. నాకు మాత్రం అందులో మిగిలిపోయిన సంగతి వేరు. బాణం వేసి, గాయపరిచి, గంటల తర్వాత గానీ ప్రాణం తియ్యలేదు. ఆయన్ని తిట్టేటప్పుడు నా గొంతు కాస్త తగ్గుతుంది.

సరే, బిర్యానీ పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ఆయన వాదం రెండోది, "మన సంస్కృతి అహింస." అయ్యా, మాది చిత్తూరు జిల్లా. శ్రీకాళహస్తిలో శివుడికి వేటమాంసం నైవేద్యం పెట్టి, కన్ను పీకి ఇచ్చిన తిన్నడు బోయవాడు. మనుచరిత్రలో పెద్దన స్వరోచిని వేటకి పంపి ఎన్ని పద్యాలు రాశాడో తెలుగు ఎం.ఏ. చేసినవాళ్ళని అడగండి. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ, "దశరథుడు చీకట్లో చప్పుడు విని బాణం వేశాడు, పాండురాజు జింక రూపంలో ఉన్న మునిని కొట్టాడు, రాముడు బంగారు లేడి వెంట పడ్డాడు. ఒక్కడన్నా బాగుపడ్డాడా?" అంది. నిజమే. అయినా కనపడనిదాని మీద కాల్చకూడదు అన్న పాఠం దశరథుడి కథ కంటే బాగా ఏ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులోనూ చెప్పలేదు నాకు.

మూడో వాదం అసలైనది. "అవి అంతరించిపోతున్నాయి, మీలాంటివాళ్ళ వల్లే." ఇక్కడ చరిత్ర చాలావరకు వాళ్ళ పక్షానే ఉంది, దాచను. 1909లో థియొడోర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకి వెళ్ళి, తనూ కొడుకూ కలిసి 512 పెద్ద జంతువుల్ని కాల్చారు. మన దేశంలో చివరి మూడు చీతాలని 1947లో కొరియా మహారాజు కాల్చేశాడు. 1952లో ప్రభుత్వం, ఇక లేవని ప్రకటించింది. (చీతా అంటే మన చిరుతపులి కాదు. టీవీ వాళ్ళు కూడా ఇప్పటికీ కలిపేస్తుంటారు.) లెక్కాపత్రం లేని వేట ఏం చేస్తుందో మనకంటే ఎవరికి తెలుసు?

కానీ 2022 సెప్టెంబరు 17న కూనో అడవిలో వదలడానికి ఎనిమిది చీతాలు ఎక్కడి నుంచి వచ్చాయి? నమీబియా నుంచి. అక్కడ చీతాల్లో ఎక్కువ భాగం పార్కుల్లో కాదు, పశువుల ఫారాల్లో తిరుగుతుంటాయి. ఆ ఫారాల వాళ్ళు ఒకప్పుడు వాటిని చీడపురుగుల్లా కాల్చినవాళ్ళే. మరి జింకజాతుల సంగతి ఎలా మారిందంటే, తమ కంచెల లోపలి వన్యమృగాలని వాడుకునే హక్కు చట్టం వాళ్ళకి ఇచ్చింది. దాంతో ఆవుల గడ్డి తినే దొంగగా ఉన్న కుడూ ఆస్తి అయింది. ఆస్తిని ఎవడూ పాడుచేసుకోడు. 1975 ఆర్డినెన్సు నాటికి ఈ హక్కు తెల్లవాళ్ళకే. నల్లవాళ్ళ ఉమ్మడి భూములకి 1996 చట్టంతో గానీ దక్కలేదు. 1998లో మొదటి నాలుగు కన్సర్వెన్సీలు ఏర్పడ్డాయి, ఇప్పుడు 86 ఉన్నాయి, దేశం నేలలో దాదాపు అయిదోవంతు. ఎన్ని జంతువుల్ని కాల్చనివ్వాలో ఏటేటా కోటా కడతారు. వేటగాడు కొమ్ములు తీసుకుపోతే మాంసం ఊరు పంచుకుంటుంది.

"కెమెరాతో వెళ్ళొచ్చుగా?" అంటారు. వెళ్ళండి, మసాయి మారాకి తప్పకుండా వెళ్ళండి, నేనూ వెళ్ళాను. కానీ రోడ్డు లేని, లాడ్జి లేని, నీళ్ళు లేని ముళ్ళకంపల నేలకి మీ కుటుంబాన్ని తీసుకుని ఫొటోలకి వెళ్తారా? అక్కడికి వేటగాడు తప్ప ఎవడూ డబ్బు తీసుకురాడు. కెన్యా 1977లో వేటని నిషేధించింది. 1977 నుంచి 2016 లోపల అక్కడ వన్యమృగాల సంఖ్య మూడింట రెండువంతులు పడిపోయిందని పరిశోధకులు లెక్క తేల్చారు. నిషేధం వల్లే పడిపోయిందని నేననను. జనాభా, పశువులు, కంచెలు అన్నీ ఉన్నాయి. నిషేధిస్తే చాలు బతుకుతాయి అన్నవాళ్ళకి మాత్రం ఆ లెక్క చూపిస్తాను.

మా అమ్మాయి దీనికి సరైన జవాబు చెప్పింది. "మరి ఇండియా? వేట లేకుండానే పులులు 2006లో 1,411 నుంచి 2022కి 3,682 అయ్యాయి కదా?" ఔను, అయ్యాయి. గర్వపడాల్సిందే. అయితే ఆ బిల్లు ఎవరు కడుతున్నారమ్మా అని అడిగాను. ప్రభుత్వం అంది. ప్రభుత్వం కొంత కడుతుంది. మిగతాది మా చిన్నాయన కడుతున్నాడు.

చిన్నాయనకి పలమనేరు అవతల నాలుగెకరాలు. నా చిన్నప్పుడే తమిళనాడు వైపు నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాయి, 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం పెట్టారు. అప్పట్నుంచి చెరుకు, అరటి, వరి ఏది వేసినా సగం ఆయనకి, సగం గణపతికి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, 2025లో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగుల్ని తెచ్చారు. పంట పోతే పరిహారం ఉంది, అర్జీలు పెట్టుకుని తిరిగే ఓపిక ఉంటే. నా ప్రయాణం సంగతి ఫోన్లో చెప్పాను. "ఆఫ్రికా దాకా యాడికి పోతావురా అబ్బోడా, దుడ్లు దండగ. ఈడికే రా. రాత్రయితే రెండు వస్తా ఉండాయి" అన్నాడు. హాస్యానికే అన్నాడు. మా చిన్నాయన ఏనుగు మీద రాయి కూడా వెయ్యడు, పసుపూ కుంకుమా పెడతాడు. కానీ రాత్రిళ్ళు మంచె మీద టపాకాయలు పట్టుకుని కూర్చునేది డెబ్భై ఏళ్ళ ఆయన, ఏనుగు బొమ్మకి లైకు కొట్టి నిద్రపోయేది మనం.

2024లో జర్మనీ వేట ట్రోఫీల దిగుమతి మీద ఆంక్షలు పెడదామంటే, బోట్స్వానా అప్పటి అధ్యక్షుడు మసీసి, మీ దేశానికి ఇరవైవేల ఏనుగుల్ని పంపిస్తాను, మేం బతుకుతున్నట్టు వాటితో మీరూ బతికి చూడండి అన్నాడు. పత్రికలు నవ్వుకున్నాయి. నాకు చిన్నాయన గుర్తొచ్చాడు. లక్షా ముప్ఫై వేల ఏనుగులున్న దేశం అది. 2014లో వేట ఆపి చూసింది, 2019లో మళ్ళీ తెరిచింది. తప్పో ఒప్పో, ఆ నిర్ణయం పొలం పోగొట్టుకునేవాడిది. డల్లాస్‌లో పిటిషన్ మీద సంతకం పెట్టేవాడిదీ కాదు, డల్లాస్‌లో తుపాకి కొనుక్కున్న నాదీ కాదు.

ఇక నా తుపాకి మిత్రులకి. మీరు వేటకి బయలుదేరేముందు "సంరక్షణ కోసం వెళ్తున్నాం" అని చెప్పుకోవడం మానెయ్యండి. 2014 జనవరిలో మన డల్లాస్‌లోనే ఒక నల్ల ఖడ్గమృగాన్ని కాల్చే నమీబియా పర్మిట్ 3,50,000 డాలర్లకి వేలంలో పోయింది. ఆ సొమ్ము సంరక్షణకి పోయిందంటే ఒప్పుకుంటాను. కొన్నాయన సంరక్షణ కోసమే అయితే చెక్కు రాసి ఇంట్లో కూర్చోవచ్చు. నేనూ నమీబియాని ఉద్ధరించడానికి వెళ్ళడం లేదు. నాకు వెళ్ళాలని ఉంది, అందుకు వెళ్తున్నాను. పదిహేనేళ్ళుగా తెర ముందు కూర్చుని ఎవరి సర్వర్లో మేపిన మనిషికి, గాలి ఎటు వీస్తోందో మెడ మీద తెలుసుకుంటూ నడవాలని ఉంది. నాకు తినే మాంసం ఎక్కణ్ణుంచి వస్తుందో నా చేతులతో తెలుసుకోవాలని ఉంది. (ఆ మాంసం అమెరికాకి రానివ్వరు. అక్కడ రాత్రి నెగడు మీద కాల్చుకు తిన్నదే నా వాటా.) నా డబ్బులో ఎక్కువ భాగం ఫారం యజమానికి పోతుంది, ఊరికి కాదు. కన్సర్వెన్సీల గురించి గొప్పగా చెప్పి ప్రైవేటు ఫారానికి పోవడంలో ఉన్న మెలిక నాకూ కనిపిస్తూనే ఉంది. పైగా ఆ వాటర్‌బర్గ్ కొండ దగ్గరే 1904 ఆగస్టులో జర్మన్ సైన్యం హెరెరోలని ఓడించి ఎడారిలోకి తరిమింది. అది జాతిహత్య అని జర్మనీ ఒప్పుకోవడానికి 2021 దాకా పట్టింది. మనకి ముందు ఆనవాళ్ళు పడుతూ నడిచే ట్రాకర్ హెరెరో అయితే, ఆ నేల ఎవరి తాతలదో తెలియకుండా అతని వెనక నడవకండి. పెద్దాయన సలహాల పట్టికలో ఇది లేదు. నేను చేర్చాను. మూడుసార్లు వెళ్ళినా ఆయనకి తెలియదట.

మరొకటి. దక్షిణాఫ్రికాలో బోన్లలో పెంచిన సింహాలు ఎనిమిదివేల దాకా ఉన్నాయని అంచనా. పిల్లగా ఉన్నప్పుడు పర్యాటకుల చేత పాలు పట్టించి, పెద్దయ్యాక కంచె లోపల వదిలి, వేటగాడి చేత కాల్పిస్తారు. ఈ వ్యాపారం మూసేస్తామని అక్కడి ప్రభుత్వమే 2021లో చెప్పింది, ఇంకా మూతపడలేదు. చవగ్గా వస్తోందని దానికి బుకింగ్ చేసుకునేవాడు నాతో కలిసి రేంజికి రానక్కర్లేదు. అది వేట కాదు, కోళ్ళఫారం.

ఇక ఫొటో. చచ్చిన జంతువు పక్కన పళ్ళికిలించి ఫొటో దిగి మా వాట్సాప్ గుంపులో పెట్టనని మా ఆవిడకి మాటిచ్చాను. కొమ్ములు కూడా తేవడం లేదు. హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన కుడూ తల ఊహించుకోవడం నాకే కష్టంగా ఉంది. పెద్దాయనకి ఇది అర్థం కాలేదు, "అయితే అంత డబ్బెందుకు?" అన్నాడు. 

జవాబు చెప్పలేనిది ఒక్కరికే. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో మాంసం మానేసింది, తోలుబూట్లు వేసుకోదు, ఎవరింట్లోనూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వదు. బిర్యానీ పెద్దమనిషికి లేని హక్కు ఆ పిల్లకి ఉంది. "ఊరికి డబ్బొస్తుంది, నేల మిగులుతుంది, అంతా ఒప్పుకుంటా. కానీ ఆ కుడూకి ఏమొస్తుంది నాన్నా?" అంది. కోటా గురించి మొదలుపెట్టబోయి ఆగిపోయాను. అది లెక్కల ప్రశ్న కాదు. గరాజ్‌లోకి వెళ్ళి మూడు కర్రల మీద తుపాకి ఆనించి, బొమ్మకి గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కకుండా చాలాసేపు నిలబడ్డాను.

టికెట్లు కొనేశాను. గురి కుదరకపోయినా, వెలుతురు చాలకపోయినా, పీహెచ్ "కాల్చు" అన్నా కాల్చనని ఒక కాగితం మీద రాసి, తూటాల పెట్టె మూత లోపల అంటించాను. జూన్ మొదటి శనివారం బయలుదేరుతున్నాం. ఆ రోజు పాట్‌లక్ మా వంతట. నేను ఉండను గానీ మా ఆవిడ పులిహోర, పెరుగన్నం చేస్తానంది. మేకమాంసం ఎవరు తెస్తారో మీలో మీరే తేల్చుకోండి.